బిడ్డ ఎవరి దగ్గర, ఖర్చు ఎవరిది

విడిపోవాలని నిర్ణయించుకున్న భార్యాభర్తల్లో ఎవరు లాయరు దగ్గరికి వెళ్ళినా మొదట అడిగేది ఒకటే: "పిల్లలు నాకే వస్తారా?" ఆ ప్రశ్నలో ప్రేమ ఉంది, భయం ఉంది, అన్నేళ్ళూ దిగమింగిన అవమానం కూడా ఉంది. కాకపోతే అందులో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. బిడ్డ రోజూ ఎవరింట్లో నిద్ర లేవాలి? బిడ్డ ఖర్చుకు ఎవరు ఎంత పెట్టాలి? రెండోవాళ్ళు బిడ్డను ఎప్పుడు, ఎలా కలవాలి? చట్టం వీటిని విడివిడిగానే చూస్తుంది. మనుషులే ఒకదానికి ఒకటి తాకట్టు పెడతారు. డబ్బు పంపలేదు కాబట్టి బిడ్డను చూపించనని ఒకరు, చూపించలేదు కాబట్టి డబ్బు పంపనని ఇంకొకరు. ఫ్యామిలీ కోర్టుల్లో ఏళ్ళ తరబడి నలిగే కేసుల్లో చాలావాటి వెనక ఈ తాకట్టే ఉంటుంది. ఈ అధ్యాయం చదివాక మీరు ఇంకేం మర్చిపోయినా సరే, ఈ మూడింటినీ మూడు కాగితాల మీద విడిగా రాసుకోవడం మాత్రం మర్చిపోకండి.

పెంపకం

"ఐదేళ్ళ దాకా తల్లికి, ఆ తర్వాత తండ్రికి" అన్న మాట ప్రతి ఊళ్ళోనూ వినిపిస్తుంది. అది సగమే నిజం. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం ఐదేళ్ళు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలి. ఐదో పుట్టినరోజు దాటగానే తండ్రికి అప్పజెప్పాలని మాత్రం అందులో ఎక్కడా లేదు. మైనరుకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి అని అదే సెక్షన్లో ఉంది. దాన్ని పట్టుకుని తల్లి సంతకం చెల్లదన్న ఆఫీసులు ఎన్నో. రచయిత్రి గీతా హరిహరన్ కొడుకు పేరున రిజర్వు బ్యాంకు బాండ్లకు దరఖాస్తు పెడితే ఇదే అడ్డం వచ్చింది. ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. తండ్రి బతికి ఉన్నా, బిడ్డ బాధ్యత చూసుకోని పరిస్థితుల్లో తల్లే సహజ సంరక్షకురాలు కాగలదని 1999లో కోర్టు తేల్చింది.

అదే చట్టంలో పదమూడో సెక్షన్ అన్నిటికంటే ముఖ్యమైనది. సంరక్షకుణ్ణి నియమించేటప్పుడు బిడ్డ క్షేమమే అన్నిటికన్నా మిన్న అని అది చెబుతుంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం అన్ని మతాల వాళ్ళకూ వర్తిస్తుంది. కస్టడీ కోసం మన కోర్టుల్లో పడే పిటిషన్లలో చాలాభాగం దాని కిందివే, లేకపోతే హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కిందివి. ఏ సెక్షన్ కింద వెళ్ళినా జడ్జి చూసేది ఒక్కటే: ఈ బిడ్డ ఎవరి దగ్గర బాగుంటుంది? మొగుడూ పెళ్ళాల్లో తప్పు ఎవరిదన్నది విడాకుల కేసులో తేలాల్సిన సంగతి. అత్తగారు ఏమంది, పెళ్ళిలో ఎవరు ఎవరిని తక్కువ చేశారు అన్నవి కస్టడీ పిటిషన్లో ఎన్ని పేజీలు రాసినా బరువు పెరగదు.

మరి బరువున్నవి ఏమిటి? మామూలు రోజుల లెక్క. పొద్దున బిడ్డకు టిఫిన్ పెట్టి బస్సెక్కించేది ఎవరు? డైరీలో సంతకం పెట్టేది ఎవరు? పేరెంట్స్ మీటింగుకు ఎవరు వెళ్ళారు? టీకాల కార్డు ఎవరి దగ్గర ఉంది? జ్వరం వచ్చిన రాత్రి ఆస్పత్రి చీటీ మీద ఎవరి పేరుంది? ఇకముందు మీరు ఉద్యోగానికి వెళితే బిడ్డను చూసుకునేది ఎవరు, అమ్మమ్మా, నానమ్మా, పనమ్మాయా? బడి ఇంటికి ఎంత దూరం? ఈ కాగితాలన్నీ ఇప్పుడే ఒక ఫైలులో పెట్టండి. ఇవి తండ్రి వైపు ఉంటే తండ్రికే మేలు చేస్తాయి. తల్లికి జీతం లేదని, తండ్రికి ఆస్తి ఎక్కువని మాత్రమే చూసి పెంపకం అటో ఇటో మార్చరు. డబ్బు లోటుకు మెయింటెనెన్స్ అన్న దారి వేరే ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే పని గురించి. బడి వదిలే వేళకు వెళ్ళి బిడ్డను బండెక్కించుకుని చెప్పకుండా వేరే ఊరు తీసుకుపోవడం, చూడ్డానికని తీసుకెళ్ళి తిరిగి పంపకపోవడం. బిడ్డ ఎవరి చేతిలో ఉంటే కేసు వాళ్ళదేనని చుట్టాలు ధైర్యం చెప్తారు. ఆ సలహా వినకండి. 1890 చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం పిటిషన్ వేయాల్సింది బిడ్డ మామూలుగా నివసించే చోట. బలవంతాన మార్చిన ఊరు అంత తేలిగ్గా ఆ చోటు అయిపోదు. బిడ్డను తమ ముందు హాజరుపరచమని రెండోవాళ్ళు హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేస్తే పోలీసులు బిడ్డను వెతుక్కుంటూ వస్తారు. ఖాకీ బట్టల మధ్య కోర్టు మెట్లెక్కిన బిడ్డకు తర్వాత ఏ తీర్పు వచ్చినా ఆ రోజు మాసిపోదు. మీకు నిజంగా తొందర ఉంటే, అసలు పిటిషన్‌తో పాటు మధ్యంతర కస్టడీకి కూడా దరఖాస్తు పెట్టుకోండి. 1890 చట్టం పన్నెండో సెక్షన్ ఉన్నది అందుకే.

బిడ్డకు కాస్త ఊహ తెలిస్తే జడ్జి తన ఛాంబర్లోకి పిలిచి మాట్లాడతారు. తెలివిగా చెప్పగల వయసున్న బిడ్డ ఇష్టాన్ని కోర్టు పరిగణించవచ్చని 1890 చట్టమే అంటోంది. ఎన్నేళ్ళ నుంచి అన్న గీత ఏదీ గీయలేదు. ముందురోజు రాత్రి కూర్చోబెట్టి "జడ్జిగారు అడిగితే ఇలా చెప్పు" అని నేర్పించే తల్లిదండ్రులు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. నేర్పిన మాటను జడ్జిలు పోల్చుకుంటారు. 2017లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో పాప చిన్నప్పటి నుంచి తండ్రి దగ్గరే పెరిగి, ఆయన వైపే మొగ్గు చూపింది. తల్లితో గడిపే అవకాశమే రాని బిడ్డ ఇష్టాన్ని పూర్తి ఇష్టంగా తీసుకోలేమని కోర్టు పాపను తల్లికి అప్పగించింది. దానికంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. అమ్మను కాదనమనో నాన్నను కాదనమనో నేర్పితే, ఎనిమిదేళ్ళ బిడ్డ ఆ మాటను తన నేరంగా మోస్తుంది. "జడ్జిగారు నీతో మాట్లాడతారట. నీకు ఏది నిజమనిపిస్తే అది చెప్పు. ఏం చెప్పినా మేమిద్దరం నీ మీద కోప్పడం." ఇంతకు మించి ఏమీ చెప్పక్కర్లేదు.

కలుసుకోవడం

బిడ్డ ఒకరి దగ్గర ఉంటే రెండోవాళ్ళు చూసే ఏర్పాటును కోర్టులో విజిటేషన్ అంటారు. దాన్ని గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళకు వేసే భిక్షలా చూడడం మన ఇళ్ళలో ఉన్న జబ్బు. తల్లీ తండ్రీ ఇద్దరి ప్రేమా బిడ్డ హక్కు. 2020 జనవరిలో ఇచ్చిన ఒక తీర్పులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. దూరాన ఉన్న తల్లికో తండ్రికో రోజూ కొన్ని నిమిషాలు ఫోన్లోనో వీడియో కాల్లోనో మాట్లాడే వీలు ఉండాలంది. వేరే రాష్ట్రంలోనో దేశంలోనో ఉద్యోగం చేసుకునేవాళ్ళు తమ పిటిషన్లో ఈ మాట తప్పకుండా అడగాలి.

ఈ ఏర్పాటును కాగితం మీద పెట్టేటప్పుడు పొదుపు చేయకండి. "తండ్రి అప్పుడప్పుడు బిడ్డను చూడవచ్చు" అని రాసుకుంటే రెండో నెలకే గొడవ మొదలవుతుంది. ఏ వారం, ఏ రోజు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా అన్నది రాయండి. బిడ్డను ఎక్కడ అందుకోవాలి, ఎక్కడ దించాలి? ఒకరి గుమ్మంలోకి ఒకరు రావడం ఇష్టం లేకపోతే గుడో పార్కో బంధువుల ఇల్లో ఒప్పుకోండి. సంక్రాంతి ఒకరి దగ్గర, దసరా ఒకరి దగ్గర, మరుసటి ఏడు తారుమారు. ఎండాకాలం సెలవుల్లో ఎన్ని రోజులు? బిడ్డ పుట్టినరోజు ఎలా? తాతయ్య, నానమ్మ, అమ్మమ్మలను చూడడం ఎలా? బిడ్డకు జ్వరం వస్తే ఆ వారం బదులు ఏ వారం? బడి రికార్డులో ఇద్దరి ఫోన్ నంబర్లూ ఉంటాయా, ప్రోగ్రెస్ కార్డు ఇద్దరికీ అందుతుందా? ఇంత వివరంగా రాయడం చాదస్తంలా అనిపిస్తుంది. కానీ ఇద్దరి మధ్య నమ్మకం పోయిన చోట బిడ్డను కాపాడేది ఆ వివరమే.

మొదట్లో చాలామందికి కోర్టు ఆవరణలోనే, వారాంతంలో రెండు గంటలు కలుసుకోవాలని ఉత్తర్వు వస్తుంది. అది అవమానమనుకుని మానేసిన తండ్రులు ఎందరో. మానకండి. ప్రతిసారీ వేళకు వెళ్ళండి, బిడ్డ ముడుచుకుని కూర్చున్నా వెళ్ళండి. కేసు గురించి ఒక్క మాట ఎత్తకండి, అమ్మ ఎవరితో మాట్లాడుతోందని ఆరా తీయకండి. క్రమం తప్పకుండా కలుస్తున్నారని కనిపించాకే కోర్టు ఇంటికి తీసుకెళ్ళనిస్తుంది, ఆ తర్వాత రాత్రి ఉంచుకోనిస్తుంది. బిడ్డ దగ్గరున్న వాళ్ళకూ ఒక మాట: కోర్టు ఇచ్చిన వేళను పదే పదే ఎగ్గొడితే అది రికార్డవుతుంది. కస్టడీ మార్చమని రెండోవాళ్ళు అడిగిన రోజున ఆ రికార్డే మీకు ఎదురు నిలుస్తుంది.

కొట్టే మనిషి విషయంలో ఈ మాటలు వర్తించవు. ఇంట్లో హింస ఉంటే 2005 నాటి గృహహింస చట్టం కింద మెజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళవచ్చు. రక్షణ ఉత్తర్వు, ఉండే ఇంటి మీద హక్కు, ఖర్చులు, బిడ్డ తాత్కాలిక కస్టడీ అన్నీ ఒకే దరఖాస్తులో అడగవచ్చు. తండ్రి రాకపోకలు బిడ్డకు హాని అనిపిస్తే 21వ సెక్షన్ ప్రకారం మెజిస్ట్రేటు వాటిని నిరాకరించాలి. రాత్రికి రాత్రి ఇల్లు వదలాల్సి వస్తే 181కి ఫోన్ చేయండి, హింసకు గురైన స్త్రీలకు సాయపడే సఖి కేంద్రం ఎక్కడుందో చెప్తారు. బిడ్డను వదిలి ఒంటరిగా రావొద్దు. ఆధార్, బర్త్ సర్టిఫికెట్, స్కూలు కాగితాలు, మీ బ్యాంకు పుస్తకం కూడా తెచ్చుకోండి. వీలు కాకపోతే ప్రాణం ముందు, కాగితాలు తర్వాత.

ఖర్చు

విడాకుల కేసు తేలేదాకా ఆగాలనుకుని రెండు మూడేళ్ళు పైసా అడగని తల్లులు ఉన్నారు. ఆగక్కర్లేదు. ఇన్నాళ్ళూ అందరూ "125" అని పిలిచిన మెయింటెనెన్స్ సెక్షన్ 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144 అయింది. నంబరు మారినా దారి అదే. మతంతో పని లేదు, విడాకులతో పని లేదు. మీరు ఇప్పుడు ఉంటున్న ఊళ్ళోనే వేసుకోవచ్చు, అంటే పుట్టింటి దగ్గర కోర్టులోనే. ఫ్యామిలీ కోర్టు ఉన్న చోట అందులో, లేని చోట మెజిస్ట్రేటు కోర్టులో. భార్యకూ బిడ్డకూ విడివిడిగా అడగాలి. మీకు ఉద్యోగం ఉందని మీ భరణం తగ్గించినా బిడ్డ వాటా బిడ్డకు ఉంటుంది. హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షన్ ప్రకారం బిడ్డను పోషించే బాధ్యత తల్లీ తండ్రీ ఇద్దరిదీ. ఎవరి స్తోమతను బట్టి వాళ్ళు.

ఎంత వస్తుంది? జీతంలో మూడో వంతని కొందరు, నాలుగో వంతని కొందరు చెప్తారు. చట్టంలో అలాంటి కొలత లేదు. బిడ్డ అవసరం, ఇద్దరి ఆదాయం, ఇప్పటిదాకా బిడ్డ బతికిన తీరు చూస్తారు. 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఇక్కడ ఒక మేలు జరిగింది. మెయింటెనెన్స్ కేసుల్లో ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఖర్చుల వివరాలతో అఫిడవిట్ వేసి తీరాలి. మొత్తాన్ని పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్కగట్టాలని కూడా అందులో చెప్పారు. కాబట్టి ఆలస్యం చేసిన ప్రతి నెలా మీరు వదులుకున్న నెలే. జీతగాడైతే పే స్లిప్పు దొరుకుతుంది. వ్యాపారమో వ్యవసాయమో అయితే పొలం పాసుపుస్తకం, షాపు లైసెన్సు, కారు రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ప్రీమియం, పిల్లల పాత స్కూలు ఫీజు రసీదులు ఆ మనిషి స్తోమతను చెప్తాయి. మీ ఖర్చులు కూడా ఉన్నవి ఉన్నట్టు రాయండి. పెంచి రాసిన ఒక్క అంకె దొరికితే మిగతా నిజాలను కూడా ఎవరూ నమ్మరు.

మధ్యంతర మెయింటెనెన్స్ దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లోగా వీలైనంతవరకు తేల్చాలని చట్టం. ఆచరణలో ఆలస్యమవుతుంది, అయినా ఆ గడువును మీ లాయరు ప్రతి వాయిదాకూ గుర్తుచేయాలి. ఉత్తర్వు వచ్చాక డబ్బు రాకపోతే బాకీ పడిన ఏడాదిలోగా వసూలు పిటిషన్ వేయాలి. ఏడాది దాటనిస్తే ఈ దారి మూసుకుపోతుంది. కట్టనివాళ్ళను బాకీ పడ్డ ఒక్కో నెలకూ నెల దాకా జైలుకు పంపవచ్చు. జైలుకు వెళ్ళొచ్చినంత మాత్రాన బాకీ తీరిపోదు. కట్టేవాళ్ళకు నా సలహా: చేతికి నగదు ఇవ్వకండి, బ్యాంకులోనే వేయండి. ఉద్యోగం పోతే మానేసి కూర్చోకుండా మొత్తం తగ్గించమని కోర్టును అడగండి.

పెద్దమనుషుల కాగితం, పరస్పర అంగీకారం

పల్లెల్లో ఇంకా చాలా జంటలు స్టాంపు కాగితం మీద విడిపోతాయి. ఏకమొత్తంగా ఇంత పుచ్చుకున్నాం, ఇకమీదట బిడ్డ ఖర్చు అడగం అని తల్లి చేత సంతకం పెట్టిస్తారు. తన హక్కు ఆమె వదులుకుందేమో గానీ బిడ్డ హక్కును వదులుకునే అధికారం ఆమెకు లేదు. బిడ్డ తరఫున మళ్ళీ అడగవచ్చు. అలా సంతకం పెట్టి దారి మూసుకుపోయిందని ఏడుస్తున్నవాళ్ళు మీకు తెలిసి ఉంటే ఈ సంగతి చెప్పండి.

ఇద్దరూ ఒప్పుకుని విడిపోయేదైతే హిందూ వివాహ చట్టం 13బి కింద, కనీసం ఏడాది విడిగా ఉన్నాక, కలిసి పిటిషన్ వేస్తారు. ఆరు నెలల తర్వాత రెండోసారి హాజరు కావాలి. ఆ ఆరు నెలలను తగిన సందర్భంలో కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. తొందరలో ఈ పిటిషన్లు రెండు పేజీల్లో ముగిస్తారు, బిడ్డ గురించి ఒక్క వాక్యం ఉంటుంది. నన్నడిగితే పిటిషన్లో సగం బిడ్డ గురించే ఉండాలి. ఫీజు ఏటా పెరుగుతుంది కదా, ఖర్చు కూడా ఏటా ఎంత పెరగాలో రాసుకోండి. ఇంజనీరింగో మెడిసినో వస్తే ఎవరు ఎంత? ఆస్పత్రి ఖర్చు? బీమా పాలసీలో బిడ్డ పేరు ఉంటుందా? పాస్‌పోర్టు కావాల్సి వస్తే రెండోవాళ్ళు సంతకం పెడతారా? ఒకరు సంతకం పెట్టకపోతే ఒక్కరే డిక్లరేషన్ ఇచ్చి దరఖాస్తు చేసుకునే వీలుంది గానీ, ముందే రాసుకుంటే ఆ తిప్పలు తప్పుతాయి.

లాయరుకు ఇచ్చే స్తోమత లేదని ఆగిపోకండి. స్త్రీలకూ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఫోన్ నంబరు 15100.

విదేశాల్లో ఉన్నవాళ్ళకు

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కాపురం చెడి, బిడ్డను తీసుకుని హైదరాబాద్ ఫ్లైటెక్కితే చాలనుకునేవాళ్ళు ఒకసారి ఆగండి. పిల్లల అపహరణ మీద 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారతదేశం చేరలేదు. అందుకని ఇక్కడికి వచ్చేస్తే భద్రమని ప్రచారం. నిజానికి మన కోర్టులు అక్కడి ఉత్తర్వునూ బిడ్డ క్షేమాన్నీ కలిపి చూస్తాయి. 2017లో ఒక కేసులో ఇంగ్లండు కోర్టు ఉత్తర్వు ఉన్నా పాపను తల్లి దగ్గరే ఉంచారు. 2019లో, అమెరికాలో పుట్టి పెరిగి తల్లితో హైదరాబాద్ వచ్చిన ఇద్దరు పిల్లలను తిరిగి అమెరికాకు పంపమన్నారు. పైగా ఉత్తర్వుకు విరుద్ధంగా తెచ్చేస్తే ఆ దేశంలో నేరంగా చూడవచ్చు, వీసా చిక్కులు రావచ్చు. విమానం టికెట్టు కంటే ముందు అక్కడి ఫ్యామిలీ లాయరును కలవండి.

ఉత్తర్వు వచ్చాక

కస్టడీ ఉత్తర్వులో చివరి మాట అంటూ ఉండదు. బిడ్డ పెరుగుతుంది, ఉద్యోగాలు మారతాయి, మళ్ళీ పెళ్ళిళ్ళు జరుగుతాయి. మళ్ళీ పెళ్ళి చేసుకున్నంత మాత్రాన తల్లికి గానీ తండ్రికి గానీ బిడ్డ దూరం కావాలని లేదు. భర్త చనిపోయి మళ్ళీ పెళ్ళి చేసుకున్న ఒక తెలుగు తల్లి, బిడ్డ ఇంటిపేరు గురించి చేసిన పోరాటం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. బిడ్డకు ఏ ఇంటిపేరు ఉండాలో నిర్ణయించుకునే హక్కు సహజ సంరక్షకురాలైన ఆమెదేనని 2022 జులైలో తీర్పు వచ్చింది.

పరిస్థితి నిజంగా మారితే కస్టడీ, కలుసుకునే వేళలు, డబ్బు, మూడింటిలో దేన్నయినా మార్చమని అడగవచ్చు. మామూలుగా మొదటి ఉత్తర్వు ఇచ్చిన కోర్టులోనే పిటిషన్ వేస్తారు. పాత ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ, అప్పటి నుంచి ఏం మారిందో చూపించే కాగితాలు జతచేయాలి. ఆ కాపీ కోసం ఉత్తర్వు వచ్చిన వారంలోనే దరఖాస్తు పెట్టుకుని, రెండు జిరాక్సులు తీయించి, ఒకటి బిడ్డ చదివే బడిలో ఇవ్వండి.